తోట–నిలవ విభాగం వార్షిక నివేదిక: ఈ ఏటి సాల్సా సీసాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

డెన్వర్ చుట్టుపక్కల పెరటి తోటలు వేసుకునే మన కుటుంబాల కోసం సంఘం తరఫున నడుస్తున్న తోట–నిలవ విభాగం ఈ ఏడాది చేసిన పనుల వివరం ఇది. విత్తనాల పంపకం, నారు మార్పిడి ఎప్పటిలాగే జరిగాయి. కొత్తగా మొదలైంది, సభ్యులు ఎక్కువగా అడిగింది సాల్సా కేనింగ్, అంటే టమాటా, మిర్చి, ఉల్లి కలిపి చేసే మెక్సికన్ పచ్చడిని సీసాల్లో నింపి, మూత బిగించి, మరిగే నీళ్లలో ఉంచి నిలవ చేయడం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సంఘం హాలు వంటగదిలో పెట్టిన శిక్షణ తరగతులన్నీ దానికే సరిపోయాయి. అందుకే ఈ నివేదికలో సగానికి పైగా సాల్సా మాటే ఉంటుంది.

తోట సంగతి

ఇక్కడ టమాటా నారును మే రెండో వారం దాటాక గానీ బయట నాటలేం. అక్టోబరు మొదట్లోనే మంచు పడుతుంది. అంటే చేతికి దొరికే కాలం అయిదు నెలలు. సాల్సా కోసం నాటేవారు రోమా, శాన్ మర్జానో లాంటి కండ ఎక్కువ, రసం తక్కువ ఉన్న రకాలే నాటాలని మళ్లీ చెబుతున్నాం. సలాడ్లకు పెంచే పెద్ద గుండ్రటి టమాటాలతో చేస్తే సాల్సా పులుసులా పారుతుంది. దాన్ని దగ్గర చేయడానికి గంటల తరబడి మరిగించాలి, అప్పటికి ఉల్లి, మిర్చి మెత్తబడి ముద్దవుతాయి.

కింది భాగం నల్లబడ్డ టమాటాలు ఈసారి చాలామంది తెచ్చారు. అది తెగులు కాదు, పురుగూ కాదు. ఒకరోజు నీళ్లు ముంచెత్తి నాలుగు రోజులు ఎండబెడితే మొక్క కాయకు కాల్షియం అందించలేదు. అలాంటివాటిని మంచి భాగం కోసుకుని ఆ పూట కూరలో వేసుకోండి, సీసాల్లోకి వద్దు. మంచుకు చచ్చిన తీగ మీద మిగిలిన కాయల పులుపు కూడా తగ్గిపోతుంది, కాబట్టి అవీ కేనింగ్‌కు పనికిరావు. మంచు కబురు రాగానే ముందు రోజే పచ్చికాయలతో సహా కోసేయండి. పచ్చి టమాటాలకు పండువాటికంటే పులుపు ఎక్కువే, సాల్సాలో అదే కొలతకు నిరభ్యంతరంగా వాడవచ్చు. మిగిలినవి పచ్చడికి ఉండనే ఉన్నాయి.

ఆవకాయ లెక్క వేరు

తరగతుల్లో ఎక్కువ సమయం తీసుకున్న విషయం ఇదే. ఆవకాయ పెట్టే చేతికి కంటిచూపే కొలత. కాస్త ఉప్పు ఎక్కువైతే నిలవకు మంచిదే, నూనె పైకి తేలితే ఇంకా మంచిది. అక్కడ కాపాడేవి ఉప్పు, కాయ పులుపు, తడి లేకపోవడం. సాల్సా ఆ తోవలో నడవదు. నీళ్లున్న కూరగాయల్ని గాలి చొరని సీసాలో బిగిస్తున్నాం. మట్టిలో ఉండే బొటులిజం సూక్ష్మజీవికి కావలసింది సరిగ్గా ఆ చోటే. దాని బీజాలు మరిగే నీళ్లకు చావవు. వాటిని మొలకెత్తనివ్వకుండా ఆపేది పులుపు ఒక్కటే: సీసాలో పదార్థం పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6కు మించకూడదు. టమాటా ఒంటరిగా ఆ గీత మీదే ఊగిసలాడుతుంది. ఉల్లి, మిర్చి, వెల్లుల్లి గీతకు అవతలే ఉన్నాయి. పైగా ఆ సూక్ష్మజీవి చేసే విషానికి రంగు, వాసన ఉండాలని లేదు. బాగోలేకపోతే తెలిసిపోతుందిలే అనే ధీమా ఇక్కడ చెల్లదు.

కాబట్టి సాల్సాలో నిమ్మరసం రుచి కోసం వేసేది కాదు. పులుపు మరీ ఎక్కువనిపిస్తే చెంచా చక్కెర వేసుకోండి, నిమ్మరసం తగ్గించకండి. ఉప్పు మాత్రం ఇక్కడ రుచికే, తగ్గించినా నిలవకు ఢోకా లేదు. మన వంటింటి అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు.

సభ్యులు పదేపదే అడిగినవాటికి సమాధానాలు ఇక్కడే రాస్తున్నాం. నిమ్మకాయలు పిండిన తాజా రసం పనికిరాదు. కాయకూ కాయకూ పులుపు మారుతుంది, కొట్లో దొరికే సీసా రసంలో అది ఒకే స్థాయిలో ఉంటుంది. చింతపండు పులుసుతో పరీక్షించిన కొలత లేదు, కాబట్టి వద్దు. నిమ్మరసం బదులు వెనిగర్ పోయకూడదు, దాని పులుపు తక్కువ. వెనిగర్ రాసి ఉన్నచోట నిమ్మరసం పోస్తే తప్పులేదు. దోసకాయ, మొక్కజొన్న, మామిడి, ఉడికించిన బీన్స్ ఏవీ కలపకూడదు. చిక్కదనానికి పిండి కలపకూడదు.

పోపు సంగతి వేరే చెప్పాలి. నూనె చుక్క కూడా సీసాలోకి వెళ్లకూడదు. నూనె పూత కింద దాగిన ముక్కకు పులుపు అందదు, వేడీ సరిగా తగలదు. ఆవాలు, ఇంగువ, కరివేపాకు వేయకుండా మనసొప్పనివారు సీసా తెరిచిన రోజున తిరగమోత పెట్టుకోండి. రుచికి ఏమీ తక్కువ కాదు, నిజానికి అప్పటికప్పుడు పెట్టిన పోపే ఘుమఘుమలాడుతుంది.

కొలతలు

జార్జియా విశ్వవిద్యాలయంలోని జాతీయ గృహ ఆహార నిలవ కేంద్రం పరీక్షించి ఇచ్చిన కండ టమాటాల సాల్సా కొలతలనే పాటించాం. అసలు కొలతకు 16 నుంచి 18 పింట్లు (పింటు అంటే రెండు కప్పులు) వస్తాయి. సీసాలను ముంచి మరిగించే పెద్ద గిన్నె, అంటే మన కేనర్‌లో, ఒక వాయికి పట్టేది అందులో సగమే, రెండో వాయి పొయ్యి మీద చల్లారకుండా కాచుకు కూర్చోవాలి. అందుకని అన్నిటినీ సరిసగం చేశాం:

తొక్క, ముచ్చిక తీసి తరిగిన టమాటా 14 కప్పులు
గింజలు తీసి తరిగిన కారం తక్కువ పొడుగు పచ్చిమిర్చి 2 కప్పులు
తరిగిన ఉల్లిపాయ 2½ కప్పులు
గింజలు తీసి సన్నగా తరిగిన హాలపేన్యో (కారం మిర్చి) ¼ కప్పు
వెల్లుల్లి 3 రెబ్బలు
సీసా నిమ్మరసం 1 కప్పు
ఉప్పు 1 టేబుల్ స్పూను, మిరియాల పొడి 1½ టీస్పూన్లు
ఇష్టమైతే జీలకర్ర పొడి 1 టేబుల్ స్పూను, ఒరిగానో ఆకు 1½ టేబుల్ స్పూన్లు, కొత్తిమీర 1 టేబుల్ స్పూను

కప్పు అంటే అమెరికన్ కొలకప్పు, కాఫీ గ్లాసు కాదు. కూరగాయలన్నిటికీ తరిగాక వచ్చిన కొలతే లెక్క.

టమాటాలను మరిగే నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచి, తొక్క చిట్లగానే చన్నీళ్లలో వేస్తే తొక్క జారిపోతుంది. తరిగినవి గిన్నెలో గంటలకొద్దీ ఉంచవద్దు. కోసిన టమాటాలోని ఎంజైము జిగురును విడగొట్టేస్తుంది, తర్వాత సీసాలో నీరు అడుగున, గుజ్జు పైన వేరుపడి నిలుస్తాయి. అలా వేరుపడింది తినడానికి ప్రమాదం లేదు, చూపుకే బాగుండదు.

మిర్చి విషయంలో కొంత స్వేచ్ఛ ఉంది. ఒక రకం బదులు ఇంకో రకం వేసుకోవచ్చు, మొత్తం 2¼ కప్పులు దాటకూడదు, అంతే. పెరట్లో కాసిన గుంటూరు మిర్చితోనే ఆ 2¼ కప్పులూ నింపితే మనవాళ్ల నాలుక కూడా తట్టుకోదు. ఎక్కువ భాగం కారం తక్కువ ఉండే అనహైం మిర్చి గానీ, ఇక్కడికి దక్షిణాన పండే ప్వెబ్లో మిర్చి గానీ వేసి, హాలపేన్యో వంతులో మన మిర్చి వేస్తే సరిపోతుంది. ఇంకా కారం కావాలంటే ఎండు కారం వేయండి. ఎండు మసాలా దినుసులు పెంచినా, తగ్గించినా పులుపు లెక్క చెడదు. వెల్లుల్లి, కొత్తిమీర మాత్రం పెంచకూడదు. (సాల్సా పరాయి వంట అని ముఖం చిట్లించిన పెద్దలకు ఒక మాట: టమాటాకూ, మన ఆవకాయలోని మిరపకూ పుట్టిల్లు మెక్సికో వైపే.) పొడుగు మిర్చి తోలు గట్టిది. కాల్చి, తడిగుడ్డ కప్పి, తోలు ఒలిచి తరగాలి. తరిగేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

వండే గిన్నె స్టీలుదై ఉండాలి. అల్యూమినియం, ఇత్తడి, ఇనుము ఈ పులుపుకు పనికిరావు. జీలకర్ర, ఒరిగానో, కొత్తిమీర తప్ప మిగిలినవన్నీ కలిపి, కలియబెడుతూ ఒక పొంగు రానిచ్చి, సెగ తగ్గించి 10 నిమిషాలు కుతకుతమనివ్వాలి. అప్పుడు ఆ మూడూ వేసి ఇంకో 20 నిమిషాలు.

15, 20, 25 నిమిషాలు

నింపిన సీసాలను కేనర్‌లో మరిగే నీళ్లలో ఉంచడమే ప్రాసెసింగ్. డల్లాస్‌లోని వదినో, న్యూజెర్సీలోని అక్కయ్యో ఫోనులో దానికి 15 నిమిషాలు చాలని చెబితే, అది వాళ్ల ఊరికి సరైనదే. 1,000 అడుగుల ఎత్తు దాకా పింటు సీసాకు 15 నిమిషాలు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సముద్రమట్టంలో 212 డిగ్రీల ఫారన్‌హీట్ అయితే డెన్వర్‌లో 203 దగ్గరే. మరుగుతున్నట్టు కనిపించినా ఆ వేడి లేదు, ఆ లోటును సమయంతో పూడ్చాలి. 1,001 నుంచి 6,000 అడుగుల దాకా 20 నిమిషాలు, ఆపైన 25. డెన్వర్ 5,280 అడుగులు గనుక 20. కాసిల్ రాక్ 6,200 అడుగులకు పైమాటే, అక్కడి సభ్యులకు 25. దక్షిణ శివార్లలో ఒకే కాలనీలో ఒక వీధి 6,000 అడుగుల గీతకు ఇవతల, ఇంకో వీధి అవతల ఉండవచ్చు. ఊరి ఎత్తు కాకుండా ఇంటి ఎత్తు చూసుకోండి. అనుమానం ఉంటే 25 పెట్టండి. అయిదు నిమిషాలు ఎక్కువ ఉడికితే ముక్క కాస్త మెత్తబడుతుంది, అంతకుమించి నష్టం లేదు.

ఈ సమయాలు పింటు సీసాలకు ఇచ్చినవి. అర పింటుకూ అవే సరిపోతాయి. క్వార్టు (రెండు పింట్ల) సీసాకు పరీక్షించిన సమయమే లేదు, పెద్ద కుటుంబమైనా రెండు పింట్లు తెరుచుకోవాల్సిందే. మన ఇళ్లలోని ప్రెషర్ కుక్కర్‌తో ఈ పని చేయవద్దు.

సీసా నింపడం, బిగించడం

సీసాలు సబ్బుతో కడిగి వేడినీళ్లలోనే ఉంచండి. ప్రాసెసింగ్ 10 నిమిషాలు దాటుతుంది గనుక విడిగా మరిగించి శుద్ధి చేయనక్కర్లేదు, వేడిగా ఉంటే చాలు. వేడి సాల్సాను పైన అరంగుళం ఖాళీ వదిలి నింపాలి. చెక్క లేదా ప్లాస్టిక్ పుల్లతో అంచు వెంట తిప్పితే గాలి బుడగలు పోతాయి. స్టీలు కత్తితో తిప్పితే గాజుకు గీత పడి తర్వాత పగులుతుంది. అంచును తడిగుడ్డతో తుడవాలి, ఒక్క మిరపగింజ అడ్డుపడినా మూత పట్టదు. మూత పెట్టి, దాన్ని పట్టి ఉంచే రింగును వేళ్ల కొసలతో ఆగినంతవరకే తిప్పండి. బలమంతా పెట్టి బిగిస్తే లోపలి గాలి బయటికి పోలేక మూత ఉబ్బి వంగుతుంది. తరగతుల్లో సరిగ్గా పట్టని సీసాల్లో ఎక్కువ ఈ కోవవే.

కేనర్ అడుగున జాలీ తప్పనిసరి. నీళ్లు మూతల మీద అంగుళం నుంచి రెండంగుళాల దాకా ఉండాలి. కళపెళా మరగడం మొదలయ్యాకే గడియారం చూడండి. మధ్యలో మరుగు ఆగితే మళ్లీ మరిగించి మొదటినుంచి లెక్కపెట్టాలి. సమయం అయ్యాక పొయ్యి ఆపి, కేనర్ మూత తీసి, 5 నిమిషాలు ఆగి, సీసాలను ఒంచకుండా నిటారుగా పైకి తీయండి. చల్లటి గ్రానైట్ గట్టు మీద నేరుగా పెడితే అడుగు ఊడిపోతుంది, తువ్వాలు పరవండి. 12 నుంచి 24 గంటలు కదపకూడదు. మూత మధ్య నొక్కితే టిక్కుమని లోపలికి, పైకి ఆడిందంటే పట్టలేదని అర్థం. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వారంలోగా తినేయండి, లేదా 24 గంటల్లోపు కొత్త మూతతో మళ్లీ ప్రాసెస్ చేయండి.

వేడి సాల్సా పోసి, మూత బిగించి, సీసాను బోర్లించే పద్ధతిని కొందరు ఇంకా పాటిస్తున్నారు. మూత పట్టినట్టే కనిపిస్తుంది, లోపలి పదార్థానికి కావలసిన వేడి మాత్రం అందదు. అలా చేసిన సీసాలను, సభ్యులు పంచుకునే సంఘం అల్మరాలోకి తీసుకోలేదు, ఇకముందూ తీసుకోం.

కంగారు పడనవసరం లేనివి కొన్ని. వెల్లుల్లి నీలంగానో పచ్చగానో మారడం పులుపుతో జరిగే మార్పే, హాని లేదు. సీసా మీద తెల్లటి పొర నీళ్లలోని సున్నం, కేనర్ నీళ్లలో కొంచెం వెనిగర్ పోస్తే రాదు. తీసేటప్పుడు కొంత రసం తగ్గినా మూత పట్టి ఉంటే వాడుకోవచ్చు. మూత ఉబ్బినా, తెరవగానే రసం చిమ్మినా, బూజు కనిపించినా రుచి చూడకుండా పారేయండి.

సామాన్లు, వచ్చే ఏడాది

కేనర్లు, సీసా పట్టుకార్లు, గరాటులు సభ్యులు ఇంటికి తీసుకెళ్లే ఏర్పాటు కొనసాగుతుంది. గ్లాస్ టాప్ పొయ్యి ఉన్నవారు కేనర్ బరువుకు, వెడల్పుకు అనుమతి ఉందో లేదో పొయ్యి పుస్తకంలో చూసుకున్నాకే అడగండి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతారు. సంక్రాంతి మేళాలో సీసాలు అమ్ముదామన్న సూచన వచ్చింది. ఇంటి వంట అమ్మకానికి రాష్ట్ర నిబంధనలు వేరు గనుక విభాగం దానికి ఒప్పుకోలేదు, సభ్యుల మధ్య పంచుకోవడానికే పరిమితం.

పంచుకునే ప్రతి సీసా మీద తయారైన తేదీ, వాడిన కొలత, ప్రాసెస్ చేసిన ఇంటి ఎత్తు, నిమిషాలు రాసి ఉండాలి. రింగు తీసి, సీసా కడిగి, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టి ఏడాదిలోగా వాడండి. జనవరి సమావేశానికి ఖాళీ సీసాలు, తుప్పు పట్టని రింగులు తెచ్చి ఇవ్వండి. మూతలు ఒకసారికే పనికొస్తాయి కాబట్టి పాతవి తేవద్దు, కొత్తవాటికి పేర్లు అప్పుడే రాయించుకోవచ్చు.