ఆరోసారీ ఫిర్యాదు టికెట్ మూసేశారు, ధన్యవాదాలు

సర్వీసు విభాగం అధిపతి గారికి,

మట్టిలోని నీటి సిగ్నల్‌ను అయస్కాంతంతో పట్టే మీ ఎన్‌ఎంఆర్ యంత్రం చెడిపోయిందని కాదు ఈ ఉత్తరం. యంత్రమన్నాక చెడుతుంది. ఏడు వారాలుగా మీరంతా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నందుకు రాస్తున్నాం.

మొదటి మెయిల్‌లోనే అంతా చెప్పాం. 0.5 టెస్లా అయస్కాంతంలో నీటి సిగ్నల్ 21.3 మెగాహెర్ట్జ్ దగ్గర రావాలి. పొద్దున అక్కడే ఉంటుంది. మధ్యాహ్నానికి సుమారు 20 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది. నియోడిమియం అయస్కాంతం ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 0.1 శాతం బలం తగ్గుతుంది కాబట్టి ఇది ఒక డిగ్రీ తేడా. తెర మీద మాత్రం అయస్కాంతం ఉష్ణోగ్రత 35.00 డిగ్రీలని నిక్షేపంగా కనిపిస్తోంది.

దీనికి మీ మొదటి ఏజెంట్ ఇచ్చిన సలహా: "మట్టిని బాగా ఆరబెట్టి మళ్లీ కొలవండి." అయ్యా, మేం కొలిచేదే మట్టిలో నీటి కదలిక. నీళ్లు తీసేశాక ఇంకేం కొలవాలో ఆయనే సెలవివ్వాలి. రెండో ఆవిడ మట్టిలో ఇనుముందేమో అన్నారు. ఉంటుందమ్మా. ఇనుము, మాంగనీసు టీ2ని, అంటే సిగ్నల్ ఆరిపోయేందుకు పట్టే సమయాన్ని కుదిస్తాయి, కానీ పౌనఃపున్యాన్ని గంటగంటకీ జరపవు. సరే, మట్టినే పక్కన పెట్టాం. కాపర్ సల్ఫేట్ కలిపిన నీళ్లు గాజు గొట్టంలో పోసి, మూతి కరిగించి మూసి, గంటకోసారి కొలిచి ఎనిమిది ఫైళ్లు పంపాం. అదీ జారింది. మూడో ఆయన ఫైళ్లు తెరవకుండానే కంప్యూటర్ రీస్టార్ట్ చేయమన్నారు. నాలుగో ఆయన మళ్లీ మట్టి ఆరబెట్టమన్నారు. ప్రతిసారీ కొత్త మనిషి, అదే ప్రశ్న: "సీరియల్ నంబరెంత?"

నష్టమేమిటో మీకెవరూ చెప్పినట్టు లేదు. సిగ్నల్ పుట్టించే 90 డిగ్రీల (ఇక్కడ డిగ్రీలంటే కోణం) రేడియో పల్స్ 10 మైక్రోసెకన్లు. 20 కిలోహెర్ట్జ్ తప్పితే, ఆ సిగ్నల్‌ను మళ్లీ కూడగట్టే 180 డిగ్రీల పల్స్ సగం పనే చేస్తుంది. సీపీఎంజీలో, అంటే వరుస పల్సులతో టీ2 కొలిచే పద్ధతిలో, తొలి ఎకోలు (తిరిగొచ్చే సిగ్నళ్లు) ఎగుడుదిగుడుగా వస్తాయి, సిగ్నల్ పడిపోతుంది, విశ్లేషణలో లేనిపోని పొట్టి టీ2 శిఖరం మొలుస్తుంది. మట్టిలోని పెద్ద రంధ్రాల్లో నీటికి టీ2 ఎక్కువ, సన్నవాటిలో తక్కువ. కాబట్టి గ్రాఫ్ చూసినవాళ్లు నీరు దిగి సన్న రంధ్రాల్లోకి ఇంకిందని రాసుకుంటారు. మీ యంత్రం పుణ్యమా అని మూసిన గాజు గొట్టంలోనూ నీళ్లు ఇంకిపోతున్నాయి!

పదకొండేళ్లలో మూడు యంత్రాలు మీ దగ్గరే కొన్నాం. కొనేముందు మీ సేల్స్ వాళ్లు మా ఫోన్ రెండో రింగులో ఎత్తేవారు. ఇప్పుడు ఆరో టికెట్ కూడా "కస్టమర్ సంతృప్తి చెందారు" అని రాసి మూసేశారు. ఏ కస్టమరో?

అయస్కాంతానికి అంటించిన ఉష్ణోగ్రత సెన్సర్, హీటర్ బోర్డు మార్చేందుకు తెలిసిన ఇంజనీరును పంపండి. పది రోజుల్లో రాకపోతే లాయరు నోటీసు వస్తుంది. మీ మెయిళ్లన్నీ, మట్టి ఆరబెట్టే సలహాతో సహా, ఈ యంత్రం కొనాలని మమ్మల్ని అడిగే ప్రతి ల్యాబుకీ పంపుతాం. సర్వీసు కాంట్రాక్టు రెన్యువల్ కాగితం వచ్చింది. దాన్ని ప్రస్తుతానికి ఆరబెడుతున్నాం.

ఇట్లు,
ల్యాబ్ బాధ్యులు