సర్టిఫికెట్లు యజమాని బీరువాలో ఎందుకుండాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

విజయవాడలో ఒక కుటుంబం నడిపే బట్టల షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తున్నాను. బట్టలైనా బంగారమైనా హార్డ్‌వేరైనా, ఇలాంటి చోట పనిచేసేవాళ్ల గోడు దాదాపు ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు.

చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేస్తారు. అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే "మనింట్లో మనిషివి, నీకు కాగితం ఎందుకయ్యా" అంటారు. మానేస్తానంటే మాత్రం రెండు నెలల జీతం కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమంటారు. మాతో పనిచేసే ఒకమ్మాయికి వేరేచోట మంచి ఉద్యోగం వచ్చింది, వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ కావాలంటే పెద్దాయన తిరుపతి వెళ్లారని, తాళంచెవి మేడమ్ గారి దగ్గరుందని, మేడమ్ గారు పడుకున్నారని తిప్పుతూనే ఉన్నారు, ఈలోపు గడువు అయిపోయింది. ఆ అమ్మాయి ఇప్పటికీ మా బిల్లింగ్ కౌంటర్‌లోనే ఉంది.

ఇక రోజూ ఉండే టెన్షన్ సంగతి. పెద్దాయన ఒక రేటు చెబుతారు, పెద్దబ్బాయి వచ్చి మార్చమంటాడు, సాయంత్రం కోడలు గారు బిల్లు చూసి ఎవరు వేయమన్నారని అందరి ముందు అరుస్తారు. శ్రావణమాసం రద్దీలో చిన్నబ్బాయి కస్టమర్లు చూస్తుండగానే ఒక సేల్స్‌మన్ మీదకి చీరల కట్ట విసిరాడు. ఆయనకి యాభై దాటాయి, ఈ అబ్బాయిని చిన్నప్పుడు స్కూటర్ మీద స్కూల్లో దింపిన మనిషి. కిందపడిన చీరలు ఏరుకుని, మడతపెట్టి, మళ్లీ అదే కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఎవరికి చెప్పుకోవాలి? కొడుకు మీద తండ్రికా?

ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అలాంటి ఫిర్యాదులకి కమిటీ ఉండాలి, అంతకంటే తక్కువ మంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. అలాంటిది ఒకటుందని మా షాపులో ఒక్క అమ్మాయికీ తెలియదు.

అకౌంట్స్ మనిషిని కాబట్టి నాకు కనపడే ఇంకో సంగతి చెప్పాలి. 20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. అందుకే ఒకే బిల్డింగ్‌లో కింది ఫ్లోర్ తండ్రి పేరు మీద, పై ఫ్లోర్ కోడలి పేరు మీద, గోడౌన్ ఇంకో కొడుకు పేరు మీద ఫర్మ్‌లు పెడతారు. గల్లా ఒక్కటే, పనివాళ్లూ వాళ్లే. అధికారులు తలుచుకుంటే వీటిని కలిపి ఒకే సంస్థగా లెక్కగట్టొచ్చు, కానీ వాళ్లు వస్తున్న సంగతి ముందే తెలిసిపోతుంది, ఆ రోజు సగం మందిని గోడౌన్‌కి పంపేస్తారు.

యజమానులకి కష్టాలు లేవని నేననను. ఆన్‌లైన్ అమ్మకాల దెబ్బ మాకూ తగిలింది, కరోనా నెలల్లో పెద్దాయన ఎవరి జీతమూ ఆపలేదు, ఆ మేలు మర్చిపోలేదు. అయితే మేలు చేసినంత మాత్రాన చట్టప్రకారం రావలసింది ఆపే హక్కు రాదు, పనివాళ్ల మీద చీరలు విసిరే హక్కు అసలే రాదు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని వాటిలో ఉంది. కార్మిక శాఖ అధికారులను నేను కోరేది ఒక్కటే. తనిఖీకి చెప్పకుండా రండి, రిజిస్టర్‌తో ఆగకుండా పనివాళ్లను యజమాని లేని చోట విడిగా అడగండి, లెటర్ ఇచ్చారా, ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయి అని. బీరువాలో ఉన్నాయని తేలితే అప్పటికప్పుడు మీ ఎదుటే తిరిగి ఇప్పించండి.

— ఒక అకౌంటెంట్, విజయవాడ