క్లస్టర్ కొనండి, దాన్ని చూసుకునే మనిషినీ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యూనివర్సిటీలకు కొదవ లేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ, విజయనగరం వైపు జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటన్నిటిలో రీసెర్చ్ చేసేవాళ్లు ఉమ్మడిగా వాడుకునేలా ఒక హెచ్‌పీసీ (హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్) క్లస్టర్ కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

క్లస్టర్ అంటే పది, ఇరవై సర్వర్లను వేగమైన నెట్‌వర్క్‌తో కలిపి, ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి అన్నిటికీ పంచడం, అంతే. ఎవరి జాబ్ (అంటే నడపమని ఇచ్చిన లెక్క) ముందు, ఎవరిది తర్వాత అన్నది స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అదీ, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమూ, మేం అణువుల కదలికలు లెక్కకట్టే గ్రోమాక్సూ అన్నీ ఉచితమే. ఖర్చంతా యంత్రానికి, కరెంటుకి, మనిషికి.

నేను కెమిస్ట్రీలో రీసెర్చ్ చేస్తున్నాను, ఇప్పుడు మా లెక్కలన్నీ మామూలు డెస్క్‌టాప్‌ల మీదే. సాయంత్రం జాబ్ పెట్టి హాస్టల్‌కి వెళ్తాం, రాత్రి కరెంటు పోతుంది, యూపీఎస్ కాసేపు కూత పెట్టి ఆగిపోతుంది, పొద్దున వచ్చి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంటుంది. లెక్క ఎంతవరకు వచ్చిందో దాచుకునే చెక్‌పాయింట్ ఫైల్ ఉంటే ఆగినచోట నుంచే మళ్లీ నడుస్తుంది, కానీ అప్పటికి ఆ సిస్టమ్ మీద ఇంకొకరి వంతు వచ్చేసి ఉంటుంది.

ఇది మా థీసిస్‌ల గొడవ మాత్రమే అనుకోవద్దు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఏమైపోయాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటి తుఫానును మన మండలాల స్థాయిలో డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్‌తో మళ్లీ నడిపి చూడాలంటే, అది ప్రాంతాన్ని విడగొట్టే గడి సైజు తగ్గించాలి, గడి సగానికి తగ్గితే లెక్క దాదాపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతీ అంతే. నీళ్లా, లోహాలా, పురుగుమందులా, ఎండలో పనా, జన్యువులా, ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. ఒక్క మనిషి పూర్తి జన్యుక్రమం చదివితే వచ్చే ముడి డేటాయే సుమారు వంద జీబీ. వందల మందివి పోల్చి చూడాలంటే డెస్క్‌టాప్ వల్ల అయ్యే పని కాదు. ఆ ఊళ్ల పిల్లలే ఇక్కడ చదువుతున్నారు, ఆ పని వాళ్లు ఇక్కడే చేయగలగాలి.

కేంద్రం 2015లో 4,500 కోట్లతో నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ పెట్టింది, 2019లో కాశీ ఐఐటీలో పరమ్ శివాయ్ సూపర్‌కంప్యూటర్ వచ్చింది, ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవా ఉంది. వాటిలో టైమ్ అడుక్కోవచ్చు కదా అంటారు. అడగొచ్చు, పెద్ద లెక్కలకు అడగాలి కూడా. కానీ జీవితంలో ఒక్క జాబ్ కూడా సబ్మిట్ చేయని విద్యార్థి అక్కడికి వెళ్లి ఏం చేస్తాడు? నేర్చుకోవడానికి దగ్గర్లో ఒకటి ఉండాలి.

అయితే నా టెన్షన్ కొన్న తర్వాత సంగతి గురించి. ఇరవై సర్వర్లు పూర్తి లోడ్ మీద నడిస్తే పది, పదిహేను కిలోవాట్లు లాగుతాయి, అదంతా వేడిగానే బయటికొస్తుంది. సముద్రం పక్కన ఉక్కపోతలో ఆ గదికి రాత్రింబవళ్లు ఏసీ నడవాలి, జనరేటర్ ఉండాలి. టెండర్‌లో తక్కువ కోట్ చేసినవాడికి కళ్లు మూసుకుని ఇచ్చేయకుండా, మన ప్రోగ్రాములే నాలుగు ఇచ్చి మీ మెషీన్ మీద నడిపి టైమ్ చూపించండి అని అడగాలి. వారంటీ ఐదేళ్లు రాయించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. ఒక డిస్క్ పోయినా, నెట్‌వర్క్ స్విచ్ మొరాయించినా చూసేవాడు లేకపోతే కోట్ల రూపాయల మెషీన్‌కి తాళం పడుతుంది. ఈ పనిని ఎవరో లెక్చరర్‌కి అదనపు బాధ్యతగా అంటగట్టొద్దు, రెగ్యులర్ పోస్టు కావాలి. ఈ నాలుగు సంస్థల పెద్దలూ కూర్చుని ప్రతిపాదన రాస్తే మన ఎంపీలు దాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లాలి. ఆ కాగితంలో యంత్రం ధర పక్కనే ఐదేళ్ల కరెంటు బిల్లు, ఆ ఉద్యోగి జీతం కూడా రాసి ఉండాలి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
ఎచ్చెర్ల, శ్రీకాకుళం జిల్లా