శీనుగాడికి, ఎర్రదాని కడుపులో పెట్టె గురించి

జయనగర్, బెంగళూరు
ఆదివారం రాత్రి పదకొండున్నర

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినంతా తిట్టేసుకో, నేను ఆగుతాను. అయిందా? నీ ఉత్తరం ఆషాఢంలో వచ్చింది, ఇప్పుడు కార్తీకం. ఇన్నాళ్లూ దాన్ని టీవీ పక్కన పెట్టుకుని, రోజూ చూస్తూ, "ఈ ఆదివారం రాసేస్తా" అనుకుంటూ వచ్చాను. మన ఆదివారాలు ఎక్కడికి పోతాయో నీకు తెలుసుగా. మూడో ఇడ్లీ పోయిన చోటికే.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్లు ఎప్పట్లాగే, చిన్నదానికి పళ్లకి క్లిప్పు వేయించాం, ఓనరు అద్దె పెంచాడు, ఉద్యోగం ఉంది. అంతే. నాలుగు రోజులుగా కడుపులో ఒకటే కథ ఉడుకుతోంది, ఎవరికి చెప్పినా "ఓహో" అంటున్నారు. మా ఆవిడైతే ఓహో కూడా అనలేదు, "పప్పులో ఉప్పు సరిపోయిందా" అంది.

పెదనాన్న ఎర్రది గుర్తుందిగా? కంపెనీ పేరు రాయను, రాస్తే నువ్వు మళ్లీ ధర అడుగుతావు. ఇంజిను వీపు వెనకాల, డిక్కీ ముందర, ఇద్దరికే చోటు. నువ్వొక్కసారి అందులో కూర్చుని "పడుకుని తోలినట్టుంది పెదనాన్నా" అంటే ఆయన నెలరోజులు నవ్వాడు. 2007లో ఇంగ్లాండులో కొని, 2010లో ఉద్యోగం వదిలేసి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాడు. అప్పటి రూలు ప్రకారం తయారై మూడేళ్లు దాటిన పాత కారు దేశంలోకి రానివ్వరు. అదీ బొంబాయి రేవు నుంచే రావాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి, లైట్లు మన రోడ్డుకి సరిపోవాలి. కారు ధరకి మించి పన్ను కట్టాడని మా నాన్న చచ్చేదాకా దెప్పేవాడు. పెదనాన్నేమో, "నువ్వు పొలానికి కట్టలేదా, నేను దీనికి కట్టాను" అనేవాడు.

సంక్రాంతి వెళ్లాక ఆయన పోయిన సంగతి నీకు రాశాను. నువ్వు పంపిన నాలుగు లైన్లు పెద్దమ్మ ఇప్పటికీ...

సరే, అది తర్వాత.

ఆర్సీ ఫారం 31 కట్టి పెద్దమ్మ పేరుకి మార్చాం. అంతలో పదిహేనేళ్లూ నిండుతున్నాయి కాబట్టి మళ్లీ రిజిస్ట్రేషను చేయించాలి, బండిని తీసుకెళ్లి చూపించాలి. మామూలు కారుకి ఫీజు 5,000, విదేశం నుంచి తెచ్చిన దానికి 40,000. "అమ్మేద్దాం పెద్దమ్మా" అన్నాను. ఆవిడ కందిపప్పు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "నీ పెళ్లికి ఆయన దాంట్లోనే వచ్చాడు కదరా" అంది. ఇంక నేనేం మాట్లాడను?

నెల కిందట ఒక బుధవారం రాత్రి పది గంటలకి రెండో బేస్‌మెంట్‌లోకి దిగాను. రిమోటు నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు, బ్యాటరీ పోయింది. బ్యాటరీ ఎక్కడుంది? ముందు డిక్కీలో. డిక్కీ ఎలా తెరుచుకుంటుంది? కరెంటుతో. కరెంటు ఎక్కడుంది? బ్యాటరీలో. ఏడు చేపల కథ ఉన్నా నయం, అందులో చివరికి చీమైనా దొరుకుతుంది!

కాగితాల సంచీలో పెదనాన్న నోటుపుస్తకం దొరికింది. పెన్సిలు రాత, తెలుగులో. "బ్యాటరీ చస్తే: కాళ్ల దగ్గర ఫ్యూజు పెట్టె. అందులో ఎర్ర ముక్క బయటికి లాగు. వేరే బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ తలుపు గొళ్లెం ఇనుముకి. డిక్కీ తెరుచుకుంటుంది. కూతకి భయపడకు." ఆ కింద ఇంకో మాట, మూడు గీతలు గీసి: "చార్జరు తీయవద్దు." ఎందుకో మాత్రం రాయలేదు.

నేను తాళంచెవితో తలుపు తీశాను, యూపీఎస్‌లోని చిన్న బ్యాటరీ తెచ్చి తీగలు ఆనించాను. ఆయన చెప్పిన కూత మొదలైంది! కారుకి ప్రాణం వచ్చిన క్షణాన, రిమోటు లేకుండా తలుపు తెరిచి ఉంది, లోపల ఎవడో దూరాడు, అని దానికి అర్థమైందన్నమాట. కింద రెండు అంతస్తులూ దద్దరిల్లాయి. రిమోటు ఎక్కడ? పై జేబులో. నేనెక్కడ? ఫ్యూజు పెట్టె దగ్గర తలకిందులుగా, కాళ్లు బయట. వాచ్‌మన్ కర్రతో వచ్చాడు, మూడో అంతస్తు రిటైర్డు ఆయన టార్చితో, వెనకాల నైటీల్లో నలుగురు. ఆయన నా కాళ్ల మీద లైటు వేసి "యారో నీను?" అన్నాడు చూడూ, నాకు మన చేతక్ రాత్రి కళ్లముందు తిరిగింది. అప్పుడూ నువ్వు గోడ దూకావు, నేను దొరికాను. ఈసారి నువ్వు లేవు, అయినా నేనే దొరికాను.

అసలు దొంగతనం కథ అప్పటికింకా మొదలే కాలేదు.

చార్జరు సంగతి చెప్పాలి. పెదనాన్న ఉన్నన్నాళ్లూ గోడ ప్లగ్గు నుంచి కారుకి ఒక సన్న తీగ వేలాడుతూ ఉండేది, సెలైను పెట్టినట్టు. ఆయన పోయాక ఎవరో అది పీకి తమ కరెంటు స్కూటరు పెట్టుకున్నారు. వాళ్లనేం అంటాం, ప్లగ్గు ఖాళీగానే ఉంది కదా అనుకున్నారు. నేనూ పట్టించుకోలేదు. బ్యాటరీ చార్జి చేయించి పెట్టాను, తొమ్మిదో రోజుకల్లా చచ్చింది. కొత్తది వేయించాను, అదీ తొమ్మిదో రోజుకే.

దాంతో విల్సన్ గార్డెన్ వైపు షెడ్డు ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ని పట్టుకున్నాను. హిందూపురం మనిషి. సగం కన్నడం, సగం తెలుగు, మధ్యలో బెంగళూరు హిందీ. వచ్చీ రాగానే బండిని ముట్టుకోలేదురా. "ఆర్సీ చూపించండి సార్, అమ్మగారిని కిందికి రమ్మనండి" అన్నాడు. పెద్దమ్మ దిగి వచ్చి ఆధార్ కార్డు చూపించాకే పెట్టె తెరిచాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తోంది.

అతను చేసిన పని నువ్వు చూడాల్సిందిరా, టీవీ షాపు రోజులు గుర్తొచ్చేవి. బ్యాటరీ మైనస్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. తలుపు తెరిచే ఉంది, కానీ గొళ్లెంలోకి స్క్రూడ్రైవరు దూర్చి టక్కుమనిపించాడు. కారుకి తలుపు మూసినట్టే లెక్క! డిక్కీ గొళ్లేనికీ అంతే. తాళం వేసి, "అరగంట కూర్చుందాం సార్, నిద్రపోవాలి" అన్నాడు. ఈ కార్లలో చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయట, తాళం వేశాక ఒక్కొక్కటీ పడుకుంటాయట. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ముగ్గురం గుసగుసగా మాట్లాడుకుంటూ టీ తాగాం. అన్నీ పడుకున్నాక బండి 50 మిల్లీ ఆంపియర్లకి మించి తినకూడదు. మీటరు 310 దగ్గర నిలబడింది, దిగనంటే దిగనంది.

నువ్వైతే ఈపాటికి లెక్క కట్టేసి ఉంటావు. గంటకి 0.31, రోజుకి ఏడున్నర ఆంపియర్ అవర్లు. బ్యాటరీ 70. తొమ్మిది రోజులు!

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకలేదు, పీకితే పడుకున్నవి లేస్తాయట. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చుక్కల ఇనుము కనిపిస్తుంది, వాటి మీద మీటరు సూదులు ఆనించి మిల్లీవోల్టులు చూశాడు. ఫ్యూజులో కరెంటు పారుతుంటే ఆ కాస్త తేడా కనిపిస్తుంది. అన్నీ చూశాడు. దొంగ ఒక్క ఫ్యూజులోనూ లేడు. "అయితే నేరుగా బ్యాటరీ నుంచి ఎవరో తాగుతున్నారు" అని బ్యాటరీ దగ్గర్నుంచి తీగ పట్టుకుని పాకుతూ పోయాడు. తివాచీ కింద, పట్టీ వెనక, తాళాల గుత్తంత నల్ల పెట్టె. దాని ఫ్యూజు దాని తీగకే ఉంది. కంపెనీలోనే, పుట్టినప్పుడే పెట్టిన ట్రాకర్!

ఇంగ్లాండులో ఖరీదైన బండికి ఇన్సూరెన్సు ఇవ్వాలంటే ఇలాంటివి అడుగుతారట. థాచమ్ అని అక్కడ ఇన్సూరెన్సు కంపెనీల పరిశోధన కేంద్రం ఉంది, అది ఈ పరికరాలకి కేటగిరీలు ఇచ్చేది. పెదనాన్న కాగితాల్లో 5 అని ఉంది, అంటే కారు పోయాక వెతికి పట్టించే రకం. తోలేవాడి దగ్గర ఒక కార్డు ఉండాలి. కార్డు లేకుండా బండి కదిలితే పెట్టె ఎక్కడో ఆఫీసుకి కబురు పెడుతుంది, వాళ్లు ఓనరుకి ఫోన్ చేస్తారు. కొన్నిట్లో అయితే, అవసరమైతే మళ్లీ స్టార్టు కాకుండా కూడా చేస్తారట. ఏటా చందా. ఆ చందా 2010లో, ఓడ ఎక్కించే ముందు ఆపేసిన ఉత్తరం ఫైల్లోనే ఉంది. చందా ఆగింది గానీ పెట్టె ఆగలేదు. కార్డులో సెల్లు ఎప్పుడో చచ్చింది. సిమ్ము ఇంగ్లాండుది. రెండో బేస్‌మెంట్‌లో మన ఫోన్లకే సిగ్నల్ ఉండదు, జీపీఎస్‌కి ఆకాశం ఎక్కడిది? నెట్‌వర్క్ దొరికితే పడుకుంటుంది, దొరక్కపోతే వెతుకుతూనే ఉంటుంది. దానికి తోడు లోపల దాని సొంత బ్యాటరీ ముసలిదై బూరెలా ఉబ్బింది. ఎంత పోసినా నిండదు, పెట్టె పోస్తూనే ఉంటుంది.

హిందూపురం అతను చెమట తుడుచుకుని అన్నాడురా, "ఇది పదిహేనేళ్లుగా దొంగ దొంగ అని ఇంగ్లాండుకి ఫోన్ చేస్తోంది సార్. ఎత్తేవాడే లేడు."

నేను నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. కాసేపాగి, "దొంగ అంటే ఎవరిని? ఆయన్నేనా?" అంది.

ఏం చెప్పమంటావు? ఔను మరి, కార్డు పనిచేయని రోజు నుంచీ పెదనాన్న తోలిన ప్రతి ఆదివారం, నంది కొండకి వెళ్లి టిఫిను తిని వచ్చిన ప్రతిసారీ, దాని లెక్కలో దొంగతనమే. నీతో వెళ్లిన రోజు కూడా. నువ్వూ దొంగవే, రాసుకో.

పీకడానికి అతను భయపడ్డాడు. స్టార్టరు తీగ ఆ పెట్టె గుండా పోయిందనుకో, పీకాక బండి ఇక లేవదు. ముందు తీగలన్నీ చూశాడు. మాదాంట్లో అది లేదు, కరెంటు, ఎర్తు, తాళం తిప్పిందీ లేనిదీ చూసుకునే తీగ, అంతే. ఇన్సూరెన్సు ఏజెంటుకి కూడా ఫోన్ చేశాను. మన దగ్గర దొంగతనం ఆపే పరికరానికి 2.5 శాతం తగ్గిస్తారు, అదీ 500కి మించదు, అదీ ఏఆర్ఏఐ అని బళ్లని పరీక్షించే సంస్థ ఆమోదించినదైతేనే. "మీకు ఇన్నాళ్లూ ఆ తగ్గింపు లేనే లేదు సార్" అన్నాడు. టాక్సీలకి ట్రాకరు తప్పనిసరి గానీ సొంత కార్లకి కాదు. ఇంకేం!

పెట్టె విప్పి బయటికి తీసి, కారు బానెట్టు మీద... సారీ, డిక్కీ మీద పెట్టాడు. కరెంటు తీసేశాడు కదా, ఉబ్బిన బ్యాటరీలో మిగిలిన కాస్తతో ఒక చిన్న ఎర్ర దీపం కొట్టుకుంటూనే ఉంది. తనని పీకేశారు కాబట్టి నిజంగానే దొంగలు పడ్డారని దానికి ఇప్పుడు గట్టి నమ్మకం అనుకుంటా. పెద్దమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. అతను కట్టరుతో ఆ బ్యాటరీ తీగ తెంపబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండు నాయనా, అదే ఆరిపోతుంది" అంది. ఆ ఉబ్బిన దాన్ని అలా ఉంచకూడదని అతను గునిశాడు, ఇసక బకెట్టు తెప్పించి పక్కన పెట్టాడు. ముగ్గురం నిలబడ్డాం. ఎంతసేపో నేను చూడలేదు. రిటైర్డు ఆయన మళ్లీ దిగి వచ్చి, ఈసారి టార్చి ఆర్పేసి, ఆయనా నిలబడ్డాడు. ఆస్పత్రిలో ఆ రోజు...

వద్దులే.

మీటరు 30కి దిగింది. అంటే మూడు నెలలు కదలకపోయినా బ్యాటరీ ఉంటుంది. బండి ఒక్క తిప్పుకే లేచింది.

సిమ్ము పెద్దమ్మ అడిగి తీసుకుంది. "నా ఫోన్లో వేస్తే మోగుతుందా?" అంది. వేసి చూపించాను, ఏమీ రాలేదు. మరి ఎందుకని అడిగితే, "ఆయన ఇంగ్లాండు నంబరు కదరా" అంది. అది ఆయన నంబరు కాదు పెద్దమ్మా, కారుది అని చెప్పబోయి...

సోమవారం పొద్దున ఆరున్నర

రాత్రి నిద్రొచ్చి ఆపేశాను. ఇవాళే బండి చూపించాలి, ఏడుకల్లా బయల్దేరాలి. నీకు ఇంకా రెండు సంగతులు రాయాలి, ఒకటి మీ చెల్లెలి సంబంధం గురించి, మనవాళ్లే, మారతహళ్లిలో... ఇంకోటి ఆ బాకీ, నువ్వు మర్చిపోయావనుకున్నావేమో, నేను మర్చిపోలేదు.

కింద హారన్ మోగుతోంది. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, అప్పుడే వెళ్లి ఎర్రదాంట్లో కూర్చుంది. తోలే సీట్లో కూర్చుందిరా! నేను పరిగెత్తాలి