డిసెంబరు 3న పాత గోవాలో భౌతికకాయాన్ని కిందికి దించరు

సంపాదకులకు,

పునీత ఫ్రాన్సిస్ శౌరి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) పండుగకు పాత గోవా వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది ఆయన భౌతికకాయాన్ని దగ్గర నుంచి చూడొచ్చన్న ఆశతోనే రైలెక్కుతారు. యాత్రల ప్రకటనలు ఆ ఆశను ఇంకాస్త పెంచుతాయి. నిజానికి ఏటా జరిగే పండుగ వేరు, పదేళ్లకోసారి జరిగే బహిరంగ దర్శనం వేరు. మొన్నటి దర్శనం 2024 నవంబరు 21న మొదలై 2025 జనవరి 5న ముగిసింది. అప్పుడు మాత్రమే దేహాన్ని బామ్ జీసస్ బసిలికా అనే చర్చి నుంచి రోడ్డుకు అవతలి వైపున్న సే కెథడ్రల్‌కు తెచ్చారు. జెసూట్లు (ఆయన సభకు చెందిన క్రైస్తవ సన్యాసులు) దేహాన్ని మార్చేశారన్న పుకారును అణచడానికి 1782లో మొదటిసారి అందరికీ చూపించారు. పదేళ్ల వరస మాత్రం 1964 నుంచే నడుస్తోంది.

మిగతా కాలమంతా, పండుగ రోజుతో సహా, దేహం బామ్ జీసస్ బసిలికాలోనే ఉంటుంది. ఇటలీలోని టస్కనీ ప్రభువు పంపిన పాలరాతి సమాధి కట్టడం మీద, మనిషి తలకన్నా చాలా ఎత్తున, దేహాన్ని ఉంచిన వెండి మందసం ఉంటుంది. మెడ ఎత్తి చూస్తే మందసం బాగానే కనిపిస్తుంది, లోపలిది కాదు. అది తెలియక గంటల తరబడి వరుసలో నిలబడి ఉసూరుమంటూ బయటికి వచ్చేవాళ్లున్నారు.

ప్రశాంతంగా ప్రార్థించుకోవాలంటే నవంబరు 24 నుంచి డిసెంబరు 2 వరకు జరిగే నవదిన ప్రార్థనలే మేలు. అందులోనూ ఆదివారం కాని రోజు చూసుకోవాలి. డిసెంబరు 3న పూజలు తెల్లవారకముందే మొదలవుతాయి. పెద్ద పూజ గుడి లోపల కాదు, బయటి పందిట్లో, కొంకణిలో జరుగుతుంది. వాహనాలను దూరంగానే ఆపేస్తారు కాబట్టి నడక తప్పదు. మడ్గావ్ కన్నా కర్మలీ స్టేషన్ పాత గోవాకు దగ్గర, కానీ అక్కడ అన్ని రైళ్లూ ఆగవు. పణజి నుంచైతే పది కిలోమీటర్లు, బస్సులుంటాయి. తిరుగు రైలు అదే సాయంత్రానికి పెట్టుకోకండి, జనంలోంచి బయటపడేసరికే పొద్దుపోతుంది.

మన గుళ్లలోలా చెప్పులు గుమ్మం దగ్గర విడవక్కర్లేదు, ఆ జనంలో విడిస్తే మళ్లీ దొరకవు. చేతుల్లేని జాకెట్లు, నిక్కర్లతో వస్తే లోపలికి పోనివ్వరు. తిరునాళ్లలో బెల్లం పాకం, అల్లం, నువ్వులు పట్టించిన శనగపిండి కాడలు అమ్ముతారు. కరకరలాడేవి చూసి కొనండి, గాలి తగిలి చెమ్మగిల్లినవి పంటికి సాగుతాయి.

బసిలికా ఎర్రరాయి పాతకాలపు అందం అని రాసేవాళ్లకు ఒక మాట. 1950లలో పైపూత తీసేయడం వల్ల బయటపడిన రాయి అది. అప్పటి నుంచి వాన నేరుగా దాని మీదే పడుతోంది.

పండుగ వార్త వేసేటప్పుడు ఆ ఏడు బహిరంగ దర్శనం ఉందో లేదో మొదటి వాక్యంలోనే చెప్పమని మనవి. పదేళ్ల లెక్క ప్రకారం తర్వాతిది 2034లో.