రిస్ట్ అంటే విశ్రాంతి కాదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆరో తరగతి ఇంగ్లీషు టెస్ట్ సంగతి మీ వాట్సాప్ గ్రూపులో మొదలై స్కూలు గేటు దాకా వచ్చింది. ఇక నేను రాయక తప్పదు. సోమవారం మా ఇంగ్లీషు టీచరు డబ్ల్యూ, ఆర్ అక్షరాలతో మొదలయ్యే 15 మాటలు చెప్పి స్పెల్లింగ్, తెలుగులో అర్థం రాయమన్నారు. చాలామందికి సగం మార్కులు కూడా రాలేదు. 'పుస్తకంలో లేనివి ఇస్తే పిల్లలు ఎలా రాస్తారు' అని కొందరు అడిగారు. అడగడం తప్పు కాదు. అందుకే గురువారం మళ్లీ పెడతామన్నాం. ఈలోగా ఎవరో పుణ్యం కట్టుకుని 15 మాటలకూ అర్థాలు టైప్ చేసి గ్రూపులో పెట్టేశారు.

గురువారం 11 పేపర్లలో 'రిస్ట్ అంటే విశాంతి' అని ఉంది. రెస్ట్ వేరు, రిస్ట్ వేరు. అది సరే, విశ్రాంతిలో ర వత్తు కూడా 11 మందికీ ఒకేసారి ఎగిరిపోయింది. టైప్ చేసినవారెవరో నేను అడగను. వారికి తెలిసే ఉంటుంది.

అదే రోజు ఒక అమ్మాయి పరీక్ష మధ్యలో పెన్ను పక్కన పెట్టి, కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత రాసింది: 'మణికట్టు. చెయ్యి మెలితిరిగే చోటు.' ఆ పేపరు నా టేబుల్ అద్దం కింద ఉంది, వచ్చినప్పుడు చూడండి. ఆమెకు వచ్చింది 15కి 12. మిగతా మూడు కూడా సొంతంగా చేసిన తప్పులే, అందుకే నాకు ముద్దొస్తున్నాయి.

ఆ అమ్మాయి పట్టుకున్నది అసలు పాఠం. డబ్ల్యూ, ఆర్ కలిసి మొదలయ్యే మాటల్లో చాలావాటి కడుపులో 'మెలి' ఉంటుంది. డబ్ల్యూ ఉన్న రింగ్ అంటే తడిబట్ట పిండటం. రెంచ్ అంటే గట్టిగా మెలితిప్పడం, బోల్టులు తిప్పే పనిముట్టు కూడా అదే. రింకిల్ ముడత. రీత్ పూలూ ఆకులూ మెలేసి చుట్టిన వలయం. రెజిల్ కుస్తీ పట్టడం. చివరికి రాంగ్ కూడా అంతే, దాని పాత అర్థం 'వంకర'. మనం వంకరబుద్ధి అనడం లేదా? అలాగని అన్నీ ఈ గుంపులోకి రావు. రాయడం అనే అర్థమున్న రైట్‌కు మెలితో సంబంధం లేదు, దాని పాత అర్థం గీరడం, చెక్కడం. ఈ సంగతి కూడా క్లాసులో ఒక పిల్లాడు అడిగితేనే టీచరు చెప్పారు. మరి పలకని డబ్ల్యూ ఎందుకంటారా, ఒకప్పుడు పలికేవారు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి, నోటి పలుకు మాత్రం మారుతూనే పోయింది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేసరికి నోరు వదిలేసిన డబ్ల్యూ కాగితం మీద స్థిరపడిపోయింది.

నాలుగో తరగతిలో ఒక బాబు ఇంకో అడుగు ముందుకేశాడు. 'టూ అంటే రెండు కదా మేడమ్, మధ్యలో డబ్ల్యూ దేనికి?' అన్నాడు. నేను చెప్పలేదు. నిఘంటువు చేతికిచ్చి టీ, డబ్ల్యూ పేజీ తెరవమన్నాను. పావుగంటలో ట్విన్ (కవలలు), ట్వైస్ (రెండుసార్లు), ట్వెంటీ (ఇరవై) పట్టుకొచ్చాడు. 'వీటిలో డబ్ల్యూ వినిపిస్తోంది మేడమ్, అన్నిట్లోనూ రెండు ఉంది!' వెంటనే పక్కనున్న పిల్ల అందుకుంది: 'మనకీ ఉందిగా! ఇరవై, ఇరువురు, ఇరువైపులా.' ఇద్దరికీ తొమ్మిదేసి ఏళ్లు. ఆ రోజంతా నేను ఎవరి మీదా కోప్పడలేదని స్టాఫ్ రూములో చెప్పుకున్నారట.

అందుకే మళ్లీ మళ్లీ అడుగుతున్నాను, ఇంట్లో ఒక అచ్చు నిఘంటువు పెట్టండి. పాతదైనా, అట్ట ఊడినదైనా సరే. ఫోనులో వెతికితే అడిగిన ఒక్క మాట చూపించి ఊరుకుంటుంది. పుస్తకంలో ఆ మాట పైనా కిందా దాని చుట్టాలంతా కూర్చుని ఉంటారు. రిస్ట్ కోసం పేజీ తిప్పిన పిల్లకు రింకిల్, రింగ్ కంట పడతాయి. ఆ మూడింటినీ కలిపేది ఏమిటో తనంతట తనకు తోచిన క్షణాన పిల్ల మొహం చూడాలి మీరు. వంద మాటల లిస్టు బట్టీ పట్టించినా ఆ వెలుగు రాదు, పరీక్ష అయిన రెండో రోజుకు లిస్టూ ఉండదు. 'మాకు ఇంగ్లీషు రాదండీ' అంటారు కొందరు. రానక్కర్లేదు. పిల్ల తెచ్చిన మాటకు అర్థం తెలుగులో చెప్పించుకోండి, వినండి. అంతే పని.

హోంవర్కు పుస్తకాల్లో ఈ మధ్య చేతిరాత చాలా బాగుంటోంది. సంతోషమే. కాకపోతే అది నలభై ఏళ్ల చేతిరాతలా ఉంది. మీరు పడుతున్న శ్రమ మాకు అర్థమవుతుంది, దయచేసి ఆ శ్రమ మానేయండి. తప్పులతో వచ్చిన పుస్తకం చూస్తే ఏం నేర్పాలో మాకు తెలుస్తుంది. అలాగే రాత్రి పదకొండింటికి 'రేపటి టెస్ట్ మీనింగులు పంపండి ప్లీజ్' అని టీచర్లకు వాయిస్ మెసేజ్‌లు వస్తున్నాయి, వెనక నుంచి పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. ఆ వేళకు పిల్లలు పడుకుని ఉంటారని మా నమ్మకం.

రెండో విడత ఫీజు, ఐడీ కార్డు ఫొటోలు, రెండో శనివారం మీటింగ్ వివరాలు డైరీలో అతికించాం, చూసి సంతకం పెట్టండి.

డబ్ల్యూ, ఆర్ టెస్ట్ మార్కులు ప్రోగ్రెస్ కార్డులో వేయడం లేదు, టెన్షన్ వద్దు. వచ్చే వారం ఎస్, ఎన్ మాటలు: స్నిఫ్, స్నీజ్, స్నోర్, స్నౌట్. ఇవి దేని చుట్టూ తిరుగుతాయో పిల్లలే కనుక్కోవాలి, గ్రూపులో పెట్టకండి. ఇంట్లో భోజనాల దగ్గర ఎవరైనా తుమ్మి చూపించినా, కూర్చునే గురక పెట్టినా తిట్టకండి. అది హోంవర్కే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు