ఫార్మాట్ కొట్టే ముందు ఈ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో ఇరవై ఐదేళ్ల పైనుంచీ డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు మా పని. కంప్యూటర్ రిపేరు మా పని కాదు. అయినా నెలకు ఇద్దరు ముగ్గురైనా ఏడుపు ముఖంతో సీపీయూ పట్టుకుని మా మెట్లెక్కుతారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

పోయిన నెల చేబ్రోలు వైపు పల్లెటూరి నుంచి ఒక మాస్టారు వచ్చారు. తెలుగు పండితులుగా రిటైరయ్యారు. సీపీయూని పాత పంచెలో మూటకట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. "ఇందులో మా ఊరుందమ్మా" అన్నారు. ఆరేళ్లుగా ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చెరువు సంగతులు, పంటల సంగతులు, పెళ్లి పాటలు అడిగి రాసుకున్నారట. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక విండోస్ తెరుచుకోలేదు. దగ్గరలో ఉన్న రిపేరు షాపులో చూపిస్తే, ఫార్మాట్ కొట్టాలి, డేటా అంతా పోతుంది, ఒప్పుకుంటేనే చేస్తామన్నారట. మాస్టారు ఒప్పుకోలేక మూట కట్టుకుని వచ్చేశారు. ఆ ఒప్పుకోకపోవడమే ఆయన్ని కాపాడింది.

తాళంచెవి పోతే ఇంట్లో బియ్యం ఎక్కడికీ పోవు కదా. విండోస్ రాకపోవడం కూడా చాలాసార్లు అంతే. హార్డ్‌డిస్క్ బాగానే ఉంటుంది, ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, లోపలికి వెళ్లే దారి ఒక్కటే పాడవుతుంది. ఇంకో దారిలో లోపలికి వెళ్లడానికి మా షాపులో స్టాప్లర్ పక్కన మేకుకి ఎర్ర దారం కట్టిన ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. అందులో పప్పీ లినక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఆస్ట్రేలియాలో బ్యారీ కాలర్ అనే ఆయన 2003లో మొదలుపెట్టారు. అది హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండా నేరుగా ర్యామ్‌లోకి (కంప్యూటర్ తాత్కాలిక మెమరీలోకి) ఎక్కి నడుస్తుంది. పాత కంప్యూటర్ అయినా ఫరవాలేదు.

మాస్టారి సీపీయూకి ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూ, హార్డ్‌డిస్క్ బదులు పెన్‌డ్రైవ్ నుంచి మొదలవడానికి ఎఫ్12 నొక్కాను (కొన్ని కంపెనీలవాటికి ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్). నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరుగెత్తాయి, తర్వాత రంగుల డెస్క్‌టాప్ వచ్చింది. కింద హార్డ్‌డిస్క్ బొమ్మ కనిపించింది. దాన్ని చదవడానికి మాత్రమే తెరిచాను, ఒక్క అక్షరం కూడా అందులో రాయకుండా. మాస్టారి డెస్క్‌టాప్ ఫోల్డరు తెరుచుకుంది. తెరుచుకుంటే అన్నీ డబ్బాలే! ఫైలు పేరు ఉండాల్సిన చోట చిన్న చిన్న చదరపు గడులు, వరసగా. మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అన్నీ పాడైపోయాయా అమ్మా?"

పాడవలేదు. ఫైళ్ల పేర్లు ఆయన తెలుగులో పెట్టుకున్నారు. మా పెన్‌డ్రైవ్‌లోని ఆ చిన్న లినక్స్‌లో తెలుగు ఫాంటు లేదు, అందుకే అక్షరాల చోట గడులు వచ్చాయి. అదే పెన్‌డ్రైవ్‌లో పక్కన దాచుకున్న పోతన ఫాంటుని ఫాంట్స్ ఫోల్డరులో వేసి, తెర మీది ఫోల్డరు కిటికీ మూసి మళ్లీ తెరిచాను. గడులన్నీ అక్షరాలయ్యాయి. "చెరువు కట్ట తెగిన ఏడు". "పొగాకు బేరన్ల రోజులు". "పెద్దమ్మ చెప్పిన పెళ్లి పాటలు". మాస్టారు ఒక్కో పేరు పైకే చదువుకున్నారు. పాటలు చెప్పిన ఆ పెద్దమ్మ రెండేళ్ల కిందట పోయారట. కాపీ చేయడానికి నాలుగైదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఈ పని నాకు నేర్పింది ఒక ఇంజినీరింగ్ కుర్రాడు. 2001లో మా షాపుకి ప్రాజెక్టు ప్రింట్లకి వచ్చేవాడు. ఒకసారి మా కంప్యూటర్ మొరాయిస్తే జేబులోంచి ఒక ఫ్లాపీ తీశాడు. టామ్స్‌ఆర్‌టీబీటీ దాని పేరు. టామ్ అనే ఆయన ఒకే ఒక్క ఫ్లాపీలో లినక్స్ మొత్తాన్ని ఇరికించాడు. మామూలు ఫ్లాపీని 80 ట్రాకులు (గుండ్రటి వరసలు), ట్రాకుకి 18 సెక్టార్లుగా (ముక్కలుగా) ఫార్మాట్ చేస్తారు, రెండు వైపులా కలిపి 1440 కేబీ. ఆయన దాన్ని 82 ట్రాకులు, 21 సెక్టార్లుగా ఫార్మాట్ చేసి 1722 కేబీ పట్టించాడు. కొన్ని ఫ్లాపీలు ఆ బరువు మోయలేకపోయేవి. రెండు మూడు మార్చి చూస్తేగానీ ఒకటి నిలిచేది కాదు. బూట్ అయ్యాక (అంటే కంప్యూటర్ మొదలయ్యాక) ఫ్లాపీ బయటికి తీసేసినా పని ఆగేది కాదు, అంతా ర్యామ్‌లోనే. అప్పుడు మా శుభలేఖల ఫైళ్లన్నీ ఇంకో ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, నేర్చుకోండక్కా అన్నాడు.

అంత చిన్న చోటులో అన్ని ఆదేశాలు ఎలా పట్టాయా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. ఇలాంటి చిన్న లినక్స్‌లలో బిజీబాక్స్ అనే కిటుకు వాడతారు. డెబియన్ అనే లినక్స్ వాళ్ల బూట్ ఫ్లాపీ కోసం 1995లో బ్రూస్ పెరెన్స్ రాశారు. ప్రోగ్రాము ఒక్కటే, దాన్ని ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. కాపీ అంటే కాపీ, లిస్టు అంటే లిస్టు. నేటికీ టైనీ కోర్ లాంటి లినక్స్ డెస్క్‌టాప్‌తో సహా పాతిక ఎంబీ లోపే సరిపోవడానికి అదొక కారణం. మనం ఫోన్లో పంపుకునే పెళ్లి వీడియో ఒక్కటి అంతకంటే పెద్దది.

ఇక నా బాధ. ఇంత చిన్నవి ఇంత బాగా చేస్తున్నప్పుడు, వాటిలో తెలుగు ఎందుకుండదు? ఒక తెలుగు ఫాంటు ఒక ఎంబీ కూడా ఉండదు. చేసేవాళ్లకు మన అక్షరాల అవసరం తెలియదు, అవసరం తెలిసిన మనం చేయడం లేదు. ఆరోజు నేను పోతన ఫాంటు దాచుకుని ఉండకపోతే మాస్టారు ఆ గడులు చూసి, అంతా పోయిందనుకుని, ఫార్మాట్‌కి తల ఊపి ఉండేవారు. గడులు చూసి అలా వదులుకున్నవాళ్లు ఎందరుంటారో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

గుంటూరు, విజయవాడ చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఫైనలియర్ పిల్లల రిపోర్టులు ఏటా నేనే బైండింగ్ చేయిస్తాను. లైబ్రరీ మేనేజ్‌మెంటు, హాస్పిటల్ మేనేజ్‌మెంటు, ఆన్‌లైన్ షాపింగు, ఏటా అవే. ఒక్క బ్యాచ్ తెలుగు రెస్క్యూ పెన్‌డ్రైవ్‌ని ప్రాజెక్టుగా తీసుకోకూడదా? టైనీ కోరో, పప్పీనో తీసుకుని విప్పి, తెలుగు ఫాంట్లు వేసి, "నా ఫైళ్లు బయటికి తీయి" అని తెలుగులో ఒక బటన్ పెట్టి, మళ్లీ ఐఎస్‌ఓగా (పెన్‌డ్రైవ్‌లో రాయడానికి వీలైన ఒకే ఫైలుగా) కట్టడమే. ఆ కట్టడంలో బూట్‌లోడరు (మొదట నడిచే చిన్న ప్రోగ్రాము) కెర్నల్‌ని (సిస్టమ్ గుండెకాయని) ఎలా లేపుతుందో, కెర్నల్ ర్యామ్‌లో చిన్న ఇల్లు ఎలా కట్టుకుంటుందో పిల్లలకు చేతులతో తెలిసొస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో లినక్స్ తెచ్చి చూపించారు కాబట్టి దారి కొత్తదేమీ కాదు. చేసే పిల్లలుంటే వాళ్ల రిపోర్టులకు ప్రింటింగ్, బైండింగ్ ఖర్చు నాది.

ఈలోగా ఇంట్లో కంప్యూటరున్న ప్రతివాళ్లూ అది బాగున్నప్పుడే ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి పెట్టుకోవాలి. పప్పీ లినక్స్ ఐఎస్‌ఓ డౌన్‌లోడ్ చేసుకుని రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో రాస్తే అయిపోతుంది, పావుగంట పని. పెన్‌డ్రైవ్‌లో పాతవి చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. రాసి ఊరుకోకుండా ఒకసారి దాంతో బూట్ చేసి చూడండి, కొన్ని లాప్‌టాప్‌లలో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ని అడ్డుకునే సెట్టింగు) ఆపితేగానీ లేవదు. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోకపోతే ఏ పెన్‌డ్రైవూ లోపలికి పోలేదు. మా కుటుంబాల్లో ఆ కీ కాగితం బ్యాంకు పాసుబుక్కులో పెట్టించాను.

హార్డ్‌డిస్క్ టక్ టక్ మంటుంటే మాత్రం వెంటనే కరెంటు ఆపేయండి. అది డిస్కే పోతున్న సూచన, తిప్పిన కొద్దీ ఇంకా గీసుకుపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో సీపీయూ నీళ్లలో మునిగింది. ఆరిందో లేదో చూద్దామని మరిది స్విచ్ వేశాడు. అలాంటి వాటికి ఈ పెన్‌డ్రైవ్ వైద్యం లేదు, డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. స్విచ్ వేయకుండా ఉంటే ఫొటోలు దక్కేవేమో.

మాస్టారిలాగా డెస్క్‌టాప్ మీదే అన్నీ పెట్టుకునేవాళ్లు చాలామంది. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో, ఫార్మాట్ పడేది సీ డ్రైవ్ మీద. రిపేరుకి ఇచ్చే ముందు, "ముందు నా ఫైళ్లు తీసివ్వండి, ఆ తర్వాతే ఫార్మాట్" అని నోరు తెరిచి అడగండి. తెలిసిన మెకానిక్ అయితే కాదనడు.

మీ పత్రిక విద్యా పేజీలో ఈ పెన్‌డ్రైవ్ తయారీని బొమ్మలతో, తెలుగులో ఒక్కసారి వేయండి. మాస్టారు ఆ ఫైళ్లన్నీ మూడు చోట్ల దాచుకున్నారు, మూడో కాపీ మా షాపులోనే ఉంది. పెళ్లి పాటల అచ్చుపని మొదలుపెట్టాం, మొదటి ఫారం ప్రూఫులు ఆయన దగ్గరున్నాయి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటరు,
బ్రాడీపేట, గుంటూరు